జీతం లేని పనికి వీసా ఎందుకంత కష్టం?

విదేశంలో కొన్ని నెలలు ఉచితంగా సేవ చేసి రావాలనుకునే యువత నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లోనూ ఉంది. ఎన్‌ఎస్‌ఎస్‌లో పనిచేసినవాళ్లకు, నర్సింగ్, సోషల్ వర్క్ చదివినవాళ్లకు ఈ ఆలోచన సహజంగానే వస్తుంది. సంస్థ ఒప్పుకుంటుంది, ఆహ్వాన లేఖ వస్తుంది, టికెట్ ధరలు చూడటం కూడా మొదలవుతుంది. తీరా వీసా దగ్గరికొచ్చేసరికి కథ అడ్డం తిరుగుతుంది. అమెరికాలో ఎంఎస్‌కు వెళ్లే దారి ఈ జిల్లాల్లో ఎన్నో ఇళ్లకు తెలుసు. వలంటీర్‌గా వెళ్లే దారి కన్సల్టెన్సీలకే సరిగ్గా తెలియదు.

క్లుప్తంగా: చాలా దేశాల వీసా చట్టాల్లో వలంటీర్‌కు సొంత చోటు లేదు. టూరిస్టుకూ ఉద్యోగికీ మధ్య ఎక్కడో పడతాడు. తిరస్కరణలకు కారణాలు తరచి చూస్తే మూడు దగ్గర తేలతాయి: తప్పు కేటగిరీలో దరఖాస్తు చేయడం, తిరిగి వస్తారన్న నమ్మకం అధికారికి కలగకపోవడం, డబ్బు ఎక్కడిదో కాగితాల్లో తేలకపోవడం. దక్షిణ తెలంగాణ కుటుంబాల ఆదాయం తీరు, పేర్లు రాసుకునే తీరు వీటికి మరికొన్ని చిక్కులు కలుపుతాయి.

టూరిస్టా, పనివాడా?

వీసా నియమాల వెనక స్థూలంగా రెండు భయాలు ఉంటాయి. వచ్చినవాడు స్థానికుడి పని లాక్కుంటాడేమో అన్నది ఒకటి. వచ్చినవాడు తిరిగి పోడేమో అన్నది రెండోది. టూరిస్టు డబ్బు ఖర్చు పెట్టి పోతాడు. ఉద్యోగికి కంపెనీ హామీ, కాంట్రాక్టు, జీతం ఉంటాయి. విద్యార్థి ఫీజు కడతాడు, అతని కోర్సుకు మొదలూ చివరా ఉంటాయి. వలంటీర్ మాత్రం పని చేస్తాడు గానీ జీతం తీసుకోడు, నెలల తరబడి ఉంటాడు గానీ ఫీజు కట్టడు. ఉన్న గడుల్లో ఏదీ అతనికి సరిపోదు.

జీతం లేకపోతే అది పని కానట్టే కదా అనే వాదన ఇక్కడ చెల్లదు. జీతం ఉందా లేదా అన్నదానికంటే, ఆ పని మామూలుగా జీతమిచ్చి చేయించుకునేదా అన్నదే చాలా దేశాలు చూస్తాయి. పొలంలోనో హాస్టల్లోనో రోజుకు కొన్ని గంటలు పనిచేస్తే భోజనం, వసతి ఇస్తామనే ఏర్పాట్లు ఇంటర్నెట్‌లో వలంటీరింగ్ పేరుతోనే కనిపిస్తాయి. ఇమిగ్రేషన్ అధికారి లెక్కలో ఆ భోజనం, వసతే కూలి. టూరిస్టు వీసాతో దిగి ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర ఈ ఏర్పాటు గురించి చెప్పినవారిని అక్కడి నుంచే వెనక్కి పంపొచ్చు.

దీన్ని పరాయి దేశాల వివక్షగా చూడటం తేలిక. కానీ భారత్ నియమమూ ఇలాగే ఉంది. ఈ-టూరిస్ట్ వీసా మీద వచ్చిన విదేశీయులు గరిష్ఠంగా ఒక నెల, అదీ ఏ రూపంలోనూ ప్రతిఫలం లేకుండా స్వచ్ఛంద పని చేయొచ్చు. అంతకు మించి ఇక్కడి ఎన్జీవోలో పనిచేయాలంటే వేరే వీసా తీసుకోవాల్సిందే. బ్రిటన్‌లో విజిటర్ వీసాదారులకు పెట్టిన 30 రోజుల పరిమితి దాదాపు దీనికి జోడీ.

తేడా ఉన్నది చరిత్రలో. అంతర్జాతీయ స్వచ్ఛంద సేవ ఎక్కువగా సంపన్న దేశాల నుంచి పేద దేశాలకు సాగే ప్రయాణంగా పెరిగింది. 1934 బిహార్ భూకంపం తర్వాత సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ సంస్థ వ్యవస్థాపకుడు పియర్ సెరెసోల్ యూరప్ నుంచి వచ్చి గ్రామాల పునర్నిర్మాణంలో పాల్గొన్నారు. 1961 నుంచి 1976 వరకు అమెరికా ప్రభుత్వం విదేశాలకు సేవకు పంపే పీస్ కోర్ వలంటీర్లు భారత్‌లో పనిచేశారు. అటు నుంచి ఇటు రావడానికి ప్రభుత్వాల మధ్య ఒప్పందాలు, ఖర్చు భరించే పథకాలు ఏర్పడ్డాయి. ఇటు నుంచి అటు పోయేవాళ్లకు అలాంటివి తక్కువ. జర్మనీ 2008లో మొదలుపెట్టిన వెల్ట్‌వేర్ట్స్ పథకం కూడా మొదట జర్మన్ యువతను బయటికి పంపడానికే. భారత్ లాంటి దేశాల వాళ్లను జర్మనీకి రప్పించే భాగాన్ని ఆ తర్వాత చేర్చారు.

దేశానికో దారి

బ్రిటన్‌లో నియమాలు కఠినంగా ఉన్నా స్పష్టంగా ఉంటాయి, అందుకే ముందు దాన్ని చూడటం మంచిది. 30 రోజుల లోపు, రిజిస్టరైన చారిటీలో అయితే విజిటర్ వీసాతోనే సరిపోతుంది. అంతకంటే ఎక్కువ కాలానికి చారిటీ వర్కర్ వీసా కావాలి. ఇది గరిష్ఠంగా 12 నెలలకు ఇస్తారు. దీనికి సంస్థ పంపే మామూలు ఆహ్వాన లేఖ పనికిరాదు. హోం ఆఫీస్ (అక్కడ ఇమిగ్రేషన్ చూసే శాఖ) లైసెన్సు ఉన్న సంస్థ మాత్రమే ఇవ్వగలిగే సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ ఉండాలి. ఏ సంస్థలకు ఆ లైసెన్సు ఉందో చూపే జాబితా ఆ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. చాలా చిన్న చారిటీలకు లైసెన్సు ఉండదు. ఆ సంగతి వాళ్లకే తట్టక ఎంతో ఆప్యాయంగా రమ్మని రాస్తారు. దరఖాస్తుదారు ఆ జాబితా చూడటానికి ఐదు నిమిషాలు వెచ్చిస్తే నెలల టెన్షన్ తప్పుతుంది.

ఖర్చు సంగతి కూడా ముందే తెలియాలి. 2025 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఈ వీసా ఫీజు 319 పౌండ్లు. ఆరు నెలలు దాటి ఉండేవాళ్లు ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున హెల్త్ సర్‌ఛార్జి కూడా కట్టాలి. రెండూ కలిస్తే మన డబ్బుల్లో లక్షన్నర దాటుతుంది. వీసా రాకపోతే సర్‌ఛార్జి వెనక్కి వస్తుంది, ఫీజు రాదు. ఇవి కాక 1,270 పౌండ్లు వరసగా 28 రోజులు ఖాతాలో ఉన్నట్టు చూపాలి, లేదా స్పాన్సర్ సంస్థ ఆ బాధ్యత తీసుకుంటున్నట్టు సర్టిఫికెట్‌లో రాయాలి. ఆరు నెలలు దాటితే భారతీయులకు టీబీ పరీక్ష కూడా తప్పనిసరి.

అమెరికాలో వలంటీర్ వీసా అని విడిగా ఏదీ లేదు. గుర్తింపు ఉన్న మత సంస్థ లేదా లాభాపేక్ష లేని ధార్మిక సంస్థ నడిపే సేవా కార్యక్రమానికైతే తాత్కాలిక సందర్శకులకిచ్చే బి1 వీసా కింద అనుమతి ఉంది. పేదలకు, అవసరంలో ఉన్నవారికి సాయపడే వ్యవస్థీకృత కార్యక్రమం అయి ఉండాలి. జీతం ఉండకూడదు, అయితే అక్కడ ఉండటానికయ్యే ఖర్చుల మేరకు అలవెన్సు ఇవ్వొచ్చు. వస్తువులు అమ్మడం, విరాళాలు సేకరించడం కుదరదు. సంస్థ ఇచ్చే లేఖలో వలంటీర్ పేరు, పుట్టిన తేదీ, స్వదేశంలో చిరునామా, పనిచేసే చోటు, కార్యక్రమం వివరాలు, మొదలు, ముగింపు తేదీలు ఉండాలి. ‘మా దగ్గరికి రావడం మాకెంతో ఆనందం’ అని రాసిన రెండు పేరాల మెయిల్ చేతిలో పెట్టుకుని ఇంటర్వ్యూకు పోయేవాళ్లకు ఈ తేడా కిటికీ దగ్గర గానీ తెలియదు. పైగా పిల్లల సమ్మర్ క్యాంపుల్లో కౌన్సెలర్‌గా చేయడానికి ఈ బి1 కుదరదు. అది జే1 ఎక్స్ఛేంజ్ కార్యక్రమం. దానికి 18 ఏళ్లు నిండి ఉండాలి, నాలుగు నెలలకు మించదు, అమెరికా విదేశాంగ శాఖ గుర్తించిన స్పాన్సర్ ద్వారానే వెళ్లాలి.

యూరప్‌లో 90 రోజుల్లోపు వర్క్‌క్యాంపులకు, అంటే బృందంగా పనిచేసే సేవా శిబిరాలకు, షెంగెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి చెల్లే స్వల్పకాల వీసా) సరిపోతుంది గానీ, ఉద్దేశం టూరిజం అని కాకుండా ఉన్నదున్నట్టు రాయాలి. 30 వేల యూరోల వైద్య బీమా ఉండాలి. 2024 జూన్ నుంచి ఫీజు 90 యూరోలు. ఏడాది సేవకు ఆయా దేశాల సొంత వీసా కావాలి. వాటిలో జర్మనీ దారి చెప్పుకోదగ్గది. అక్కడ 2011లో నిర్బంధ సైనిక సేవ ఆపేసినప్పుడు ఫెడరల్ వలంటీర్ సర్వీస్ మొదలైంది. వృద్ధాశ్రమాలు, ఆసుపత్రులు, వికలాంగుల కేంద్రాల్లో పని ఉంటుంది, పాకెట్ మనీ ఇస్తారు. విదేశీయులూ చేరొచ్చు. ఎటొచ్చీ పని అంతా మనుషులతోనే కాబట్టి జర్మన్ భాష రానివాళ్ల ఫైల్ నిలబడటం కష్టం. ఈ సేవ పేరుతో వచ్చి అక్కడే శిక్షణో ఉద్యోగమో వెతుక్కునే ఉద్దేశమా అని కూడా ఆరా తీస్తారు.

ఆస్ట్రేలియా విజిటర్ వీసాలో ప్రధాన ఉద్దేశం పర్యటనే అయి, స్థానికుడికి జీతమిచ్చి చేయించే పని కాకపోతేనే స్వచ్ఛంద సేవను ఒప్పుకుంటారు. ఆఫ్రికా దేశాలకు వీసా సులువని అనుకుంటారు. టూరిస్టుకు సులువే. టాంజానియాలో వలంటీర్లకు విడిగా క్లాస్ సి రెసిడెన్స్ పర్మిట్ అవసరం. ఆ పర్మిట్ కోసం అక్కడి సంస్థే ముందు నడవాలి.

ఇన్ని దారుల్లోనూ ఒకటి మాత్రం కనిపిస్తుంది. వెనక ఉన్న సంస్థ ఎంత బలమైనదైతే వీసా అంత తేలిక. ఐక్యరాజ్యసమితి వలంటీర్ల విభాగం ద్వారా ఎంపికైనవారికి వీసా పనిలో ఆ సంస్థే సాయం చేస్తుంది, జీవన భత్యం కూడా ఇస్తుంది. వ్యక్తిగా వెతుక్కుని పోయేవారికి ఆ అండ ఉండదు.

తిరిగి వస్తారా?

అమెరికా తిరస్కరణ కాగితంలో ఎక్కువగా కనిపించే నంబర్ 214(బి). ఆ దేశ ఇమిగ్రేషన్ చట్టంలోని ఈ సెక్షన్ ప్రకారం బి1 లాంటి తాత్కాలిక వీసాకు దరఖాస్తు చేసిన ప్రతి ఒక్కరూ అక్కడే స్థిరపడటానికి వస్తున్నారని అధికారి అనుకోవాలి. కాదని రుజువు చేసుకోవాల్సిన భారం దరఖాస్తుదారుదే. షెంగెన్ తిరస్కరణ ఫారంలోనూ గడువులోగా వెనక్కి వెళ్తారన్నదానిపై సహేతుకమైన సందేహం ఉందనే గడి ఉంటుంది. బ్రిటన్ విజిటర్ నియమాల్లోనూ ఇదే ప్రశ్న.

విద్యార్థి వీసా ఫైల్‌లో ఈ ప్రశ్నకు అంతో ఇంతో జవాబు ఉంటుంది. యూనివర్సిటీ సీటు, బ్యాంకు లోన్, చదువయ్యాక ఏం చేస్తారో చెప్పడానికి ఒక వరస ఉంటాయి. వలంటీర్ ఫైల్‌లో సీటు లేదు, చదువు కాదు కాబట్టి ఎడ్యుకేషన్ లోన్ లేదు. ఇక్కడి కన్సల్టెన్సీల దగ్గర ఉన్న నమూనాలన్నీ విద్యార్థుల కోసం తయారైనవి. వాటిలోనే పేర్లు మార్చి వలంటీర్ దరఖాస్తు నింపితే, అడగని ప్రశ్నలకు జవాబులు నిండుగా ఉంటాయి, అడిగిన ప్రశ్నకు జవాబు ఉండదు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. డిగ్రీ చివరి పరీక్షలు రాసి, ఉద్యోగంలో చేరేలోపు ఉన్న ఖాళీ సేవకు సరైన సమయమని యువత అనుకుంటుంది. ఇంట్లోవాళ్లూ సరేననేది అప్పుడే. వీసా అధికారి కళ్లకు మాత్రం దరఖాస్తుదారు అత్యంత బలహీనంగా కనిపించేది సరిగ్గా అప్పుడే. కాలేజీతో సంబంధం తెగిపోయింది, ఉద్యోగం రాలేదు, పెళ్లి కాలేదు, పేరు మీద ఆస్తి లేదు. తిరిగి రావడానికి కాగితం మీద కారణం కనబడదు. అదే మనిషి రెండో సంవత్సరం వేసవి సెలవుల్లో దరఖాస్తు చేస్తే కాలేజీ బోనఫైడ్, తర్వాతి సెమిస్టర్ తేదీలు చూపగలడు. ఉద్యోగంలో చేరిన ఏడాదికి దరఖాస్తు చేస్తే జీతం స్లిప్పులు, సంస్థ మంజూరు చేసిన సెలవు లేఖ ఉంటాయి. మనిషి మారడు, ఉద్దేశం మారదు, ఫైల్ బరువు మారుతుంది.

అమెరికాలో అన్నో అక్కో ఉండటం ఈ జిల్లాల్లో మామూలే. అమెరికా వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో ఆ వివరం అడుగుతారు. ఉన్నవాళ్లను దాచడం పెద్ద తప్పవుతుంది. ఉన్నట్టు చెబితే తిరిగి రావడం మీద అనుమానం కొంత పెరగొచ్చు, అంతమాత్రాన వీసా ఆగిపోదు. సేవ చేసే ఊరు, అన్న ఉండే ఊరు ఒకటే అయినప్పుడు మాత్రం ప్రశ్నలకు సిద్ధపడి ఉండాలి.

‘ఉచితంగా పని చేయడానికి లక్షలు ఖర్చు పెట్టుకుని ఎవరైనా పోతారా?’ అని దేవరకొండలో మేనమామ అడిగే ప్రశ్ననే నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో అధికారి వేరే మాటల్లో అడుగుతాడు. ఇద్దరి అనుమానమూ న్యాయమైనదే. దీనికి సరైన జవాబు వెనకటి పని. ఎన్‌ఎస్‌ఎస్‌లో రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం పూర్తి చేసినవారికి సర్టిఫికెట్ ఇస్తారు. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ గ్రామాల్లో నీటి సర్వే చేసి ఉంటే, ప్రభుత్వ బడిలో పాఠాలు చెప్పి ఉంటే, రక్తదాన శిబిరాలు నడిపి ఉంటే దానికి ఆధారం ఉండాలి. సొంత ఊళ్లో ఒక్క రోజూ సేవ చేయని మనిషికి ఉన్నట్టుండి ఏడు వేల మైళ్ల అవతల సేవ చేయాలనిపించిందంటే అధికారి నమ్మకపోవడంలో వింత లేదు.

వడ్ల డబ్బు, బ్యాంకు స్టేట్‌మెంట్

సాగర్ ఎడమ కాలువ కింద వరి పండించే రైతు, బత్తాయి తోట ఉన్న రైతు నిజంగానే కొడుకునో కూతురినో మూడు నెలలు విదేశంలో పోషించగలిగి ఉండొచ్చు. ఆ స్తోమత కాగితాల మీదికి రావడమే కష్టం. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి చాలామంది ఐటీ రిటర్నులు వేయరు. ఆదాయం నెలనెలా రాదు, పంట కొనుగోలు డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లు ఖాతాలో పడుతుంది, వెంటనే అప్పులకూ పెట్టుబడికీ పోతుంది. ఏసీ గదిలో జీతం స్లిప్పులకు అలవాటు పడిన అధికారికి ఈ స్టేట్‌మెంట్ మొత్తం ఖాళీగా, మధ్యలో రెండు కొండలున్నట్టు కనిపిస్తుంది. పట్టాదారు పాస్‌బుక్ తాత పేరు మీదే ఉండిపోయిన ఇళ్లు ఉన్నాయి. భూమి ఉందని చూపాలంటే ముందు తాతకూ దరఖాస్తుదారుకూ సంబంధం చూపాలి.

ఇక్కడ ఎక్కువమంది చేసే పని దరఖాస్తుకు వారం ముందు చిట్టీ ఎత్తి గానీ, బంధువుల దగ్గర చేబదులు తీసుకుని గానీ నాలుగైదు లక్షలు ఖాతాలో వేయడం. డబ్బు ఉందని చూపడానికి చేసిన ఆ పనే డబ్బు లేదనడానికి సాక్ష్యమవుతుంది. ఖాతాలో ఎంత ఉందన్నదానితో పాటు అది ఎక్కడి నుంచి, ఎప్పటి నుంచి ఉందన్నదీ అధికారులు చూస్తారు. బ్రిటన్ 28 రోజుల నియమం పెట్టింది ఇలాంటి తాత్కాలిక జమలను వడగట్టడానికే. పంట డబ్బు ఒకేసారి పడితే కొనుగోలు కేంద్రం రసీదు, తక్ పట్టీ (పంట అమ్మకం చీటీ) జత చేస్తే ఆ జమకు అర్థం వస్తుంది.

ఇంకో వైరుధ్యం అంత తేలిగ్గా కంటికి ఆనదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం మీసేవలో తీసిన ఆదాయ ధ్రువపత్రంలో కుటుంబ ఆదాయం చాలా తక్కువగా ఉంటుంది. వీసా కోసం చార్టర్డ్ అకౌంటెంట్ ఇచ్చిన నెట్ వర్త్ సర్టిఫికెట్‌లో అదే కుటుంబానికి లక్షల ఆస్తి ఉంటుంది. భూమి విలువ, ఏటా చేతికొచ్చే ఆదాయం వేర్వేరు కాబట్టి రెండూ నిజమే కావొచ్చు. వివరణ లేకుండా రెండూ ఒకే ఫైల్‌లో ఉంటే మాత్రం ఏదో ఒకటి అబద్ధమనిపిస్తుంది. ఏ కాగితం ఎందుకు పెడుతున్నారో ఒక పేజీలో రాసి ఇవ్వడం ఖర్చు లేని పని.

మెమోలో ఒక పేరు, పాస్‌పోర్టులో ఇంకో పేరు

పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది. ఆధార్‌లో పూర్తిగా, పేరు చివర ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు ఒకే గడిలో ఉంటుంది. మహబూబ్‌నగర్, నల్లగొండ ముస్లిం కుటుంబాల్లో మెమోలో ‘ఎండీ’ అని ఉన్నది పాస్‌పోర్టులో ‘మహమ్మద్’ అవుతుంది. ఇక్కడ ఎవరికీ ఇబ్బంది లేని ఈ తేడాలు విదేశీ ఫారం దగ్గర ఇద్దరు మనుషుల్లా కనిపిస్తాయి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టుకు అమెరికా వీసా మీద సొంత పేరే ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, పేరు స్థానంలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడుతుంది. మొదటి పేరు తెలియదని దానికి అర్థం. స్పాన్సర్ సర్టిఫికెట్, బీమా, టికెట్ మీద పేర్లన్నీ పాస్‌పోర్టు ప్రకారమే ఉండాలి. పాస్‌పోర్టు సరిచేయించుకోవడానికి నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలోనే పోస్టాఫీసు పాస్‌పోర్టు కేంద్రాలు ఉన్నాయి. సంస్థతో ఉత్తరప్రత్యుత్తరాలు మొదలుపెట్టే ముందే ఈ పని అయిపోవాలి.

తేదీలు కలవని లెక్క

సేవా సంస్థ తేదీలు ముందే ఖాయం చేస్తుంది. వీసా తేదీ మాత్రం ఎవరి చేతిలోనూ లేదు. ఎదురుదెబ్బల్లో చాలా వరకు ఈ రెండింటి మధ్య సందులోనే తగులుతాయి. యూరప్ వర్క్‌క్యాంపులు ఎక్కువగా వేసవిలో ఉంటాయి. టూరిస్టుల రద్దీ, విద్యార్థుల వీసాల హడావుడి కూడా అప్పుడే. షెంగెన్ దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి చేసుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, అవసరమైతే 45 రోజుల దాకా పడుతుంది. బ్రిటన్ చారిటీ వీసాకు మూడు నెలల కంటే ముందు దరఖాస్తు కుదరదు. అమెరికా బి1 ఇంటర్వ్యూ తేదీల కోసం భారత్‌లో కొన్నేళ్లుగా నెలల తరబడి ఎదురుచూపులు తప్పడం లేదు.

ఈలోగా పాస్‌పోర్టు ఒక రాయబార కార్యాలయంలో ఉంటే ఇంకో దేశానికి ప్రయత్నించడానికి వీలుండదు. పిల్లలతో, వృద్ధులతో పనిచేసే చోట పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడుగుతారు. దానికి పాస్‌పోర్టు సేవా కేంద్రం, పోలీసు విచారణ, మళ్లీ కొన్ని రోజులు. కెన్యా, ఉగాండా లాంటి దేశాలకైతే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవాలి. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. వేసిన పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. అది లేకుండా ఆ దేశాల నుంచి తిరిగొస్తే భారత్‌లో దిగాక ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు.

వేలిముద్రలు, ఇంటర్వ్యూ, టీకా, అన్నీ హైదరాబాద్‌లోనే. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా వంద కిలోమీటర్లు. అచ్చంపేట, గద్వాల వాళ్లకు ఇంకా ఎక్కువ. వీసా సెంటర్ కాగితాలు తీసుకుని పంపుతుంది, అంతవరకే. నిర్ణయం తీసుకునేది ఆ దేశ అధికారులు. కాబట్టి సెంటర్ కౌంటర్ దగ్గర సిబ్బంది ‘అంతా ఓకే’ అన్నారంటే కాగితాల సంఖ్య సరిపోయిందని మాత్రమే.

డబ్బు పోయేది కూడా ఇక్కడే. కొన్ని సంస్థలు ప్రోగ్రాం ఫీజు ముందే కట్టమంటాయి, వీసా రాకపోతే తిరిగి ఇవ్వమని షరతుల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. వీసా రాకపోతే ఫీజు వెనక్కి ఇస్తామని లేదా తర్వాతి బ్యాచ్‌కు మారుస్తామని రాతపూర్వకంగా తీసుకున్న తర్వాతే కట్టడం తెలివైన పని. టికెట్ సంగతీ అంతే.

అడ్డదారి ఎక్కడికి తీస్తుంది

‘వలంటీర్ అంటే వీసా రాదు, టూరిస్ట్ అని రాయండి’ అనేది ఏజెంట్లు తరచూ ఇచ్చే సలహా. వినడానికి తేలికగా ఉండే ఈ సలహాలో నష్టం మొత్తం దరఖాస్తుదారుదే, ఏజెంట్ సంతకం ఎక్కడా ఉండదు. మామూలు తిరస్కరణ తాత్కాలికం. అబద్ధం చెప్పినట్టు తేలితే పడే శిక్ష ఏళ్ల తరబడి ఉంటుంది. బ్రిటన్‌లో పదేళ్ల దాకా, కెనడాలో ఐదేళ్లు, ఆస్ట్రేలియాలో మామూలుగా మూడేళ్లు నిషేధం. అమెరికాలో అయితే శాశ్వత అనర్హత. ఈ దేశాలు ఇమిగ్రేషన్ సమాచారాన్ని ఒకదానితో ఒకటి పంచుకుంటాయి కూడా. రేపు ఎంఎస్‌కో ఉద్యోగానికో పోవాలనుకునే పిల్లలు మూడు నెలల సేవ కోసం ఆ తలుపులు మూసుకోవడం దండగ.

దీనికి తిరగేసిన మోసం ఇంకా ప్రమాదం. ఉద్యోగాలకు విదేశాలకు పంపే ఏజెంట్లకు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు ఉండాలి. ‘ఇది ఉద్యోగం కాదు, వలంటీర్ ప్రోగ్రాం, చివర్లో స్టైపెండ్ ఇస్తారు’ అనే మాట ఆ లైసెన్సు ప్రశ్నను పక్కకు నెట్టడానికి పనికొస్తుంది. ఉద్యోగాల ఆశతో కంబోడియా, మయన్మార్ వెళ్లి సైబర్ మోసాల ముఠాల చేతిలో చిక్కుకున్నవారిలో తెలుగువాళ్లు కూడా ఉన్నారు. సేవ పేరుతో టూరిస్టు వీసా చేతిలో పెట్టి, దిగాక పని చెబుతామనేవాళ్లను దూరం పెట్టడమే మంచిది.

‘నో’ వచ్చాక

తిరస్కరణ లేఖలో రాసిన కారణమే తర్వాతి అడుగును నిర్ణయిస్తుంది. అమెరికాలో 214(బి) తిరస్కరణకు అప్పీలు లేదు. మళ్లీ ఫారం నింపి, మళ్లీ 185 డాలర్లు కట్టి రావొచ్చు, అంటే మరో 16 వేల రూపాయలకు పైనే. పరిస్థితిలో చెప్పుకోదగ్గ మార్పు లేకుండా మర్నాడే వెళ్తే అదే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. 221(జి) కాగితం ఇస్తే అది వేరే సంగతి: ఇంకా ఏవో పత్రాలు కావాలనో, పరిశీలన సాగుతోందనో అర్థం. దాన్ని అంతిమ తిరస్కరణగా లెక్కేసుకుని సంస్థకు రానని రాసేస్తే చేతికందింది జారవిడుచుకున్నట్టే. బ్రిటన్ చారిటీ వీసాకు అధికారి నియమాన్ని తప్పుగా అన్వయించారనుకుంటే అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ (నిర్ణయాన్ని ఆ శాఖే మళ్లీ పరిశీలించడం) అడగొచ్చు, విజిటర్ వీసాకు ఆ సౌకర్యం లేదు.

షెంగెన్ దేశాలు అప్పీలు హక్కు ఇవ్వాలి, ఎలా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. జర్మనీలో కాన్సులేట్‌కే ఉచితంగా అభ్యంతరం రాసుకుని పునఃపరిశీలన కోరే పద్ధతి చాలా ఏళ్లు ఉండేది. 2025 జులై 1 నుంచి దాన్ని ప్రపంచవ్యాప్తంగా ఎత్తేశారు. ఇప్పుడు మిగిలింది మళ్లీ దరఖాస్తు చేయడం, లేదా బెర్లిన్‌లో కోర్టుకెళ్లడం. పాత సమాచారం చూసి ఉత్తరం రాసి జవాబు కోసం కూర్చుంటే క్యాంపు తేదీలు దాటిపోతాయి. కొత్త దరఖాస్తే తక్కువ ఖర్చు, తక్కువ సమయం.

ఒకసారి తిరస్కరణ వస్తే ఆ విషయం తర్వాతి ఫారాల్లో, వేరే దేశాల ఫారాల్లో కూడా చెప్పాల్సి వస్తుంది. చెప్పడం వల్ల అవకాశం పోదు, దాచి దొరికిపోతే పోతుంది. ఏ తేదీన, ఏ వీసాకు, ఏ కారణంతో తిరస్కరించారో ఒక వాక్యంలో రాసి, అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందో రెండో వాక్యంలో చెప్పగలిగితే సరిపోతుంది. సంస్థకు కూడా వెంటనే తెలియజేయాలి. స్పాన్సర్ లైసెన్సు ఉన్న సంస్థలకు వీసా తిరస్కరణలు కొత్త కాదు, చాలావరకు తర్వాతి బ్యాచ్‌కు చోటు మారుస్తాయి. ఈలోగా అదే సంస్థకు అనువాదమో, డేటా పనో ఇంటి నుంచే చేసి పెట్టే వీలుంటే అడగొచ్చు. ఐక్యరాజ్యసమితి వలంటీర్ల విభాగం ఆన్‌లైన్ వలంటీరింగ్‌కు వీసా అక్కర్లేదు. అలా చేసిన నెలలు రెండో దరఖాస్తులో పాత పరిచయానికి, నిజమైన ఆసక్తికి ఆధారంగా చూపడానికి పనికొస్తాయి.